యాష్లీ: సర్ అనాలా, మేడమ్ అనాలా?

లండన్ క్లయింట్ యాష్లీకి మొదటి మెయిల్ రాయాలి, సర్ అనాలో మేడమ్ అనాలో తెలియక టెన్షన్ అన్నారు కదా. రెండూ వద్దండీ. "డియర్ యాష్లీ" అని మొదలుపెట్టండి. అక్కడ ఆఫీసుల్లో పేరు పెట్టి రాయడం అమర్యాదేమీ కాదు.

పేరును బట్టి ఊహించడం మాత్రం ప్రమాదమే. పాత ఇంగ్లిష్‌లో దీని అర్థం యాష్ చెట్ల అడవిలోని ఖాళీ జాగా. మొదట ఊరి పేరు, దాన్నుంచి ఇంటిపేరు (మనకూ ఊళ్ళ పేర్లతో ఇంటిపేర్లు బోలెడు), ఆ తర్వాత మగపిల్లల పేరు. అమెరికాలో అది ఆడపిల్లల వైపు మళ్ళింది. ఎంతగా అంటే 1991, 1992లో అక్కడ ఆడపిల్లలకు అందరికంటే ఎక్కువమంది పెట్టిన పేరు ఇదే. బ్రిటన్‌లో మగవాళ్ళకూ మామూలే: క్రికెటర్ యాష్లీ జైల్స్, ఫుట్‌బాలర్ యాష్లీ కోల్.

స్పెల్లింగ్ ఒకసారి చూడండి. చివర ఎల్-ఇ-ఐ-జి-హెచ్ అని ఉంటే దాదాపు ఆవిడే, ఆస్ట్రేలియా క్రికెటర్ యాష్లీ గార్డ్‌నర్ లాగా. ఎల్-ఇ-వై అయితే ఎవరైనా కావచ్చు. మీ టీమ్‌తో మాట్లాడేటప్పుడు కూడా కాల్ అయ్యేదాకా "యాష్లీ గారు" అనేయండి, సరిపోతుంది.