లండన్ పార్లమెంట్ స్క్వేర్‌లో గాంధీ విగ్రహం ఎందుకుంది?

మనల్ని పాలించిన దేశం తన పార్లమెంటు ఎదుటే గాంధీ విగ్రహం ఎలా పెట్టుకుందన్నది ప్రశ్న. గాంధీ దక్షిణాఫ్రికా నుంచి భారత్‌కు తిరిగొచ్చి వందేళ్లయిన సందర్భంగా, విరాళాలతో చేయించి, 2015 మార్చి 14న ఆవిష్కరించారు. అప్పటి మన ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ ముసుగు తీశారు. బ్రిటన్ ప్రధాని కామెరాన్ కూడా వచ్చారు.

శిల్పి ఫిలిప్ జాక్సన్. 1931లో గాంధీ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లినప్పుడు బ్రిటన్ ప్రధాని కార్యాలయం ఉండే డౌనింగ్ స్ట్రీట్‌లో తీసిన ఫోటో దీనికి ఆధారం. అందుకే చేతికర్రతో నడిచే గాంధీ కాదిక్కడ, శాలువా కప్పుకుని, చేతులు ముందుకు కట్టుకుని నిలబడ్డ గాంధీ. తొమ్మిది అడుగుల కంచు విగ్రహం. దిమ్మె మాత్రం స్క్వేర్‌లోని మిగతా విగ్రహాలవాటికంటే పొట్టి, జనానికి దగ్గరగా ఉండాలని కావాలనే అలా కట్టారు. నాకైతే అందులో బాగా నచ్చింది ఆ పొట్టి దిమ్మే.

అన్నట్టు, అదే స్క్వేర్‌లో చర్చిల్ కూడా ఉన్నాడు. 1931లోనే గాంధీని ‘అర్ధనగ్న ఫకీరు’ అని వెక్కిరించింది ఆయనే!

లండన్‌లో గాంధీకి ఇదే మొదటి విగ్రహం అనుకోకండి. టావిస్టాక్ స్క్వేర్‌లో బాసింపట్టు వేసుకుని కూర్చున్న విగ్రహం 1968 నుంచీ ఉంది.