చీమకుర్తి గ్రానైట్ పలక మీద చిన్న సీఎన్‌సీ మెషిన్ (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) బిగించవచ్చా?

బిగించవచ్చు, కానీ పలక నిగనిగలాడుతోంది కదా అని చదునుగా ఉందనుకోకండి. రాయి మేలే: బరువు వల్ల అదురు తగ్గుతుంది, ఒంగోలు ఎండకు ఇనుమంత సాగదు. వేడి 10 డిగ్రీలు పెరిగితే మీటరు స్టీలు దాదాపు 0.12 మి.మీ. సాగుతుంది, గ్రానైట్ సుమారు 0.07.

అయితే వంటగట్టుకు పాలిష్ చేసిన రాయి అద్దంలా మెరుస్తూనే మధ్యలో కాస్త పల్లంగా ఉండొచ్చు. మంచి స్ట్రెయిట్ ఎడ్జ్‌ను (అంచు కచ్చితంగా తిన్నగా ఉండే పట్టీని) నిలువుగా ఆనించి, కింద ఫీలర్ గేజ్ రేకులు (మందం ముందే తెలిసిన పలుచని రేకులు) దూర్చి చూడండి. 0.1 మి.మీ. రేకు దూరిందా, అక్కడ కనీసం అంత సందు ఉన్నట్టే.

నాలుగు మూలలా బోల్టులు బిగిస్తే సర్దుకుంటుందన్నది ఇంకో అపోహ. సర్దుకునేది రాయి కాదు, మెషిన్ ఫ్రేమే మెలితిరుగుతుంది. సందు ఉన్నచోట పలుచని రేకు పెట్టాకే బిగించాలి. పలకనేమో ముక్కాలిపీటలా మూడు చోట్లే ఆనించండి, నేల ఎగుడుదిగుడైనా ఊగదు.