ఫర్నేస్ దగ్గర ఇంకాస్త ఆగు

అమ్మాయీ,

వేడిలో వాయువు విడిపోయి వస్తువుమీద కార్బన్ లాంటి గట్టి పొర పేరుకునేలా చేసే పద్ధతి మీద నువ్వు పంపిన వ్యాసం రాత్రే చదివేశాను. ముందు ఆ మొదటి పేజీ మొత్తం తీసెయ్. అంతరిక్షం, దేశగౌరవం అంటూ అంత బిల్డప్ ఇచ్చావు గానీ పాఠకుడికి తెలిసింది ఏమీ లేదు. అసలు సరుకు మూడో పేజీలో ఉంది. 2024 మార్చి, ఏప్రిల్‌లలో తమిళనాడు మహేంద్రగిరిలోని ఇస్రో కేంద్రంలో మండించి చూసిన కార్బన్-కార్బన్ నాజిల్, అంటే కార్బన్ పోగుల్ని కార్బన్‌లోనే పొదిగి చేసిన, రాకెట్ మంట బయటికొచ్చే మూతి. పీఎస్ఎల్‌వీ నాలుగో దశలో అప్పుడున్న లోహపు నాజిల్ బదులు అది పెడితే ఆ భాగం బరువు దాదాపు 67 శాతం తగ్గుతుందని, రాకెట్ ఇంకో 15 కిలోలు మోయగలదని ఇస్రో చెప్పింది. దానిమీద సిలికాన్ కార్బైడ్ పూత ఉందని ఒక్క ముక్కలో అనేసి దాటిపోయావు. నువ్వు రాయాల్సింది ఆ పూత గురించే కదా!

ఎందుకు పూస్తారో చెప్పు. కార్బన్ 2000 డిగ్రీలు దాటినా కరగదు, బలం తగ్గదు, కానీ గాలి తగిలిందా, 500 డిగ్రీల దగ్గరే కాలిపోవడం మొదలెడుతుంది. పైన కార్బైడ్ ఉంటే అది ఆక్సిజన్‌తో కలిసి గాజులాంటి సిలికా పొర కడుతుంది. కానీ చల్లారేటప్పుడు పూత ఒక తీరుగా, కింది కార్బన్ ఇంకో తీరుగా ముడుచుకుని పూతలో సన్న పగుళ్లు పడతాయి. ఈ చిక్కు వదిలేసి "అద్భుత కవచం" అంటే అది ప్రెస్ నోట్ అవుతుంది.

పోగుల మధ్య కార్బన్ చేరే తీరుని పొగలో గుడ్డ ఆరేసినట్టు అని రాశావే, అదీ కొట్టెయ్. లాంతరు చిమ్నీకి పట్టే మసి గాలిలోనే తయారై వచ్చి వాలుతుంది, వేలితో తుడిస్తే పోతుంది. ఇక్కడ అలా కాదు, మీథేన్ లాంటి వాయువు 1000 డిగ్రీల ప్రాంతంలో, తక్కువ పీడనంలో, పోగుల సందుల్లోకి వెళ్లి విడిపోతుంది, కార్బన్ పోగుమీదే పేరుకుంటుంది. తొందరపడి వేడి పెంచితే మసే మిగులుతుంది, లేదా బయటి రంధ్రాలు ముందే మూసుకుపోయి లోపల బోలుగా ఉండిపోతుంది. అందుకే ఇదే కార్బన్-కార్బన్‌తో చేసే విమానం బ్రేక్ డిస్కులకు వారాలు పడుతుంది. మధ్యలో బయటికి తీసి, మూసుకున్న పైపొర చెక్కి, మళ్లీ ఫర్నేస్‌లో పెడతారు. ఈ చెక్కడం గురించి నాలుగు వాక్యాలు రాయి, నీ రాకెట్ పేజీకన్నా అవే బాగుంటాయి.

సిలికాన్ కార్బైడ్ పూతకైతే, సిలికాన్, కార్బన్ రెండూ ఉన్న మిథైల్ ట్రైక్లోరోసిలేన్ అనే ద్రవం ఆవిరిని హైడ్రోజన్‌తో కలిపి పంపుతారు. పూతతో పాటు హైడ్రోజన్ క్లోరైడ్ కూడా పుడుతుంది, అది ఫర్నేస్‌లో పీడనం తగ్గించే పంపుల్ని తినేస్తుంది. ఆ పంపులు చూసుకునే మనిషితో మాట్లాడావా? శాస్త్రవేత్త మర్చిపోయే సంగతులు ఆయన దగ్గర దొరుకుతాయి.

ఇంకోటి, నువ్వు అసలు ముట్టుకోనిది. కార్బైడ్ పోగుల్ని కార్బైడ్‌లోనే పొదిగేటప్పుడు మధ్యలో మైక్రాన్ (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) కంటే పలచగా కార్బన్ గానీ బోరాన్ నైట్రైడ్ గానీ పూస్తారు. అతుకు గట్టిపడటానికి కాదు, మరీ గట్టిపడకుండా ఉండటానికి! గట్టిగా అతుక్కుంటే పగులు పోగుల్ని కోసుకుంటూ సూటిగా పోతుంది. వదులుగా ఉంటే పోగు వెంబడి పక్కకి మళ్లుతుంది, వస్తువు ఒక్కసారిగా విరిగిపోదు. పూత అంటే కాపాడేదేనని అనుకునే పాఠకుడు ఇక్కడ ఆగి మళ్లీ చదువుతాడు, కాబట్టి తొందరగా ముగించకు.

చరిత్ర కావాలంటే బల్బు దగ్గరికి వెళ్లు. 1880కి కాస్త అటూ ఇటూగా అమెరికాలో సాయర్, మాన్ అనే ఇద్దరు కార్బన్ ఫిలమెంట్‌ను హైడ్రోకార్బన్ ఆవిరిలో ఉంచి కరెంటు పంపారు. సన్నగా ఉన్నచోట వేడి ఎక్కువ, అక్కడే కార్బన్ ఎక్కువ చేరుతుంది, దాంతో ఫిలమెంట్ తనంతట తానే సమానమవుతుంది. (నాకైతే ఈ ఒక్కటి చాలు వ్యాసం మొదలెట్టడానికి.)

కొలంబియా స్పేస్ షటిల్ ప్రమాదం ప్రస్తావన ఉంచు, కానీ పూత ఫెయిలైందని రాయకు. 2003లో లాంచ్ అప్పుడు ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురగ ముక్క ఎడమ రెక్క అంచుకి తగిలి అక్కడి కార్బన్-కార్బన్ ప్యానెల్ బద్దలైంది. కల్పనా చావ్లా పేరు ఉన్న పేరాలో ఇలాంటి తప్పు దొర్లితే పాఠకులు ఊరుకోరు.

ఆదివారంలోపు పంపితే చూస్తాను.