కెర్నల్ డాక్యుమెంటేషన్ రాసేవాళ్లకు ఉద్యోగాలు ఉంటాయా?

ప్ర: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. కోడింగ్ ప్రాక్టీస్ పక్కనపెట్టి, లినక్స్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి భాగం) డిస్‌ప్లే రంగులకు సంబంధించిన డాక్యుమెంట్లు సరిదిద్దుతూ కూర్చుంటున్నాడు. మాన్పించమంటారా?
– ఒక తండ్రి, ఒంగోలు

జ: మాన్పించకండి. కోడ్ చదవడం రానివాళ్లు ఆ డాక్యుమెంట్లలో ఒక్క వాక్యం కూడా సరిగ్గా రాయలేరు.

స్క్రీన్ మీద రంగులు సరిచేయడానికి కెర్నల్‌లో గ్రాఫిక్స్, డిస్‌ప్లే పనులు చూసుకునే డీఆర్ఎం విభాగం బయటి ప్రోగ్రాములకు కొన్ని సెట్టింగులు ఇస్తుంది. 2016లో వచ్చిన పద్ధతిలో వరుసగా డీగామా పట్టిక (రంగు విలువలను కాంతి తీవ్రతకు తగ్గట్టు మార్చేది), 3×3 మ్యాట్రిక్స్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లను సరిచేసే సంఖ్యల పట్టిక), గామా పట్టిక (తిరిగి స్క్రీన్‌కు కావాల్సిన రూపంలోకి మార్చేది) ఉంటాయి. ఆ మ్యాట్రిక్స్‌లో ఒక్కో సంఖ్యకు 64 బిట్లు. పై బిట్ ప్లస్సా మైనస్సా చెబుతుంది, తర్వాతి 31 బిట్లు పూర్ణాంకం, కింది 32 బిట్లు భిన్నం. సీ భాషకు అలవాటుపడ్డ డెవలపర్ ఎవరైనా మైనస్ 0.5ను మామూలుగా టూస్ కాంప్లిమెంట్‌లో (కంప్యూటర్లలో మైనస్ సంఖ్యలు రాసే మామూలు పద్ధతి) రాసి పంపేస్తాడు. కెర్నల్ లెక్కలో అది మైనస్ 214 కోట్లు దాటిపోతుంది! రంగులు పాడవుతాయి, కారణం మాత్రం అంత తేలిగ్గా దొరకదు. ‘ఇది టూస్ కాంప్లిమెంట్ కాదు’ అన్న ఒక్క ముక్క డాక్యుమెంట్‌లో ఉంటే ఆ తిప్పలు తప్పుతాయి. ఆ ముక్క రాయాలంటే డ్రైవర్ (హార్డ్‌వేర్‌ను నడిపే ప్రోగ్రామ్) కోడ్ చదివి, నడిపి చూసి, నిర్ధారించుకోవాలి. మీ అబ్బాయి రాత్రిళ్లు చేస్తున్నది ఈ పనే అయితే, నాకు చాలా సంతోషం.

పైగా పని ఇప్పుడు పెరిగింది. హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే డిస్‌ప్లే పద్ధతి) కోసం కలర్ పైప్‌లైన్ అనే కొత్త ఇంటర్‌ఫేస్ ఈమధ్యే కెర్నల్‌లో చేరింది. ఏ హార్డ్‌వేర్‌లో ఏ అంచె ఏ వరుసలో ఉందో వేలాండ్ కంపోజిటర్లు (లినక్స్‌లో విండోలన్నిటినీ కలిపి స్క్రీన్ మీద చూపే ప్రోగ్రాములు) రాసేవాళ్లు దాన్నిబట్టే తెలుసుకోవాలి. అర్థమయ్యేలా రాసేవాళ్లు అక్కడ కావాలి.

ఉద్యోగం సంగతికొస్తే, క్యాంపస్‌కు వచ్చే పెద్ద సర్వీస్ కంపెనీలు ఇవేవీ అడగవు. వాటి పరీక్షల కోసం రోజూ ఓ గంట డేటా స్ట్రక్చర్స్ సాధన చేయాల్సిందే, అందులో రాజీ వద్దు. ఈ నైపుణ్యానికి విలువ ఉండేది గ్రాఫిక్స్ డ్రైవర్ టీముల్లో. ఏఎండీ, ఇంటెల్, క్వాల్‌కామ్‌లకు హైదరాబాద్‌లోనే ఆఫీసులున్నాయి. ఇగాలియా, కొలాబొరా లాంటి ఓపెన్ సోర్స్ సంస్థల్లో ఇంటి నుంచే పనిచేసేవాళ్లున్నారు. పోస్టులు తక్కువే, కానీ పోటీకి వచ్చేవాళ్లలో ఈ పని తెలిసినవాళ్లు ఇంకా తక్కువ.

అయితే డాక్యుమెంట్ల దగ్గరే ఆగిపోకూడదు. వీకేఎంఎస్ అనే వర్చువల్ డ్రైవర్ ఉంది, దానికి ఖరీదైన మానిటర్ అక్కర్లేదు, ఇప్పుడున్న ల్యాప్‌టాప్ చాలు. దాని మీద ఐజీటీ పరీక్షలు (గ్రాఫిక్స్ డ్రైవర్లను తనిఖీ చేసే టెస్టులు) నడిపి, తను వివరించిన ప్రతి సెట్టింగ్‌కూ ఒక చిన్న టెస్ట్ కూడా రాయమనండి. ఆమోదం పొందిన ప్యాచ్‌లు (కోడ్‌లోనో డాక్యుమెంట్‌లోనో చేసి పంపే మార్పులు) అతని పేరుతోనే కెర్నల్ చరిత్రలో నమోదవుతాయి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు నేరుగా చూసుకోవచ్చు.

ఇప్పటిదాకా ఎన్ని ప్యాచ్‌లు ఆమోదం పొందాయో అతన్నే అడగండి. ఒక్కటీ లేకపోతే ఈ సెమిస్టర్‌లో చిన్నదైనా ఒకటి పూర్తి చేయించండి. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ (మెంటార్ల సాయంతో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేసే కార్యక్రమం) దరఖాస్తులు సాధారణంగా మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉంటాయి. డిసెంబరుకల్లా మెంటార్లతో మాట్లాడటం మొదలుపెట్టాలి.