సందేహాలు – సమాధానాలు: దేవుణ్ణి గోజాడవచ్చునా?

సందేహం: మా సంఘంలో ఉపవాస ప్రార్థన జరిగినప్పుడు ఒక పెద్దాయన లూకా సువార్త 18వ అధ్యాయంలోని విధవరాలి ఉపమానం చెబుతూ ‘మనమూ దేవుణ్ణి అలాగే గోజాడాలి’ అన్నారు. మా అత్తగారికి ఆ మాట నచ్చలేదు. దేవుడి విషయంలో అలా అనవచ్చునా? ఆ అధ్యాయం మొదట్లో ఉన్న ‘విసుకక’ అనేది ‘విసుగక’కు అచ్చుతప్పా? ‘యెడతెగక ప్రార్థించడం’ అంటే రోజంతా ప్రార్థనలోనే ఉండటమా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: అచ్చుతప్పు కాదమ్మా. విసుకు, విసుగు రెండూ నిఘంటువులకెక్కిన రూపాలే. ‘విసుకు’ మీద, పని చేయకుండా అనే అర్థమిచ్చే ‘అక’ (వ్యాకరణంలో వ్యతిరేక క్త్వార్థక ప్రత్యయం అంటారు) చేరి ‘విసుకక’ అయింది. విసుగు చెందకుండా అని అర్థం. ‘విసుక్కోవడం’లో కకారం వినబడుతోంది కదా అని దాన్ని సాక్ష్యానికి పిలవాలనిపిస్తుంది గానీ అది చెల్లదు. ‘అడుగు’ నుంచి కూడా ‘అడుక్కోవడం’ వచ్చింది.

ఇక గోజాడటం. పదేపదే వెంటపడి ప్రాణం విసిగించడం అని ఈ మాటకు అర్థం. ఇప్పుడు వేధించడం, సతాయించడం అంటున్నామే, దాదాపు అదే. వినేవాడి చికాకంతా ఈ మాటలో ఉంది కనుక, ఇది ఎవరి నోట వచ్చిందో ముందు చూసుకోవాలి. ఆ విధవరాలు న్యాయాధిపతి దగ్గరికి ‘తరచుగా వచ్చి’ న్యాయం తీర్చమని ‘అడుగుచు వచ్చెను’ అని కథనం చెబుతుంది. న్యాయాధిపతి తనలో తాను అనుకునేటప్పుడు మాత్రం, ఆమె ‘మాటిమాటికి వచ్చి గోజాడకుండునట్లు’ తీర్పు చెప్పేస్తానంటాడు. తరచుగా రావడం మాటిమాటికి రావడమైంది, అడగడం గోజాడటమైంది. చేసిన పని అదే. దేవునికి భయపడని, మనుషులను లక్ష్యపెట్టని వాడి కంటికి అది అలా కనబడింది. గ్రీకు మూలంలో ఆ చోట ఉన్న క్రియ ఇంకా మోటుది, కంటి కింద గుద్దడం అని దాని మొదటి అర్థం. దానికి గోజాడటాన్ని ఎంచుకున్న అనువాదకుల తెలుగుకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

తర్వాత యేసు దేవుని గురించి చెప్పేటప్పుడు మాట మళ్లీ మారింది. ఆయన ఏర్పరచుకున్నవారు ‘దివారాత్రులు’ మొఱ్ఱపెట్టుకుంటారు. గజేంద్రుడు పెట్టినదీ మొరే. గోవిందనామాలు వింటూ పెరిగే ఊరివారు మీరు, ఆ మాట బరువు మీకు చెప్పనక్కరలేదు. వినే దిక్కు ఒకటుందన్న నమ్మకంతో పెట్టేది మొర. అన్యాయస్థుడైన న్యాయాధిపతే తీర్పు చెప్పినప్పుడు దేవుడు న్యాయం తీర్చడా అన్నదే ఆ ఉపమానంలోని వాదం. దేవుణ్ణి గోజాడండి అంటే ఆయనను తెచ్చి ఆ న్యాయాధిపతి పీఠం మీద కూర్చోబెట్టినట్లవుతుంది. మీ అత్తగారు పట్టుకున్నది ఇదే, సరిగ్గానే పట్టుకున్నారు.

అంతమాత్రాన పెద్దాయనను తప్పుపట్టలేం. అదే సువార్త 11వ అధ్యాయంలో అర్ధరాత్రి రొట్టెల కోసం స్నేహితుడి తలుపు తట్టిన మనిషి ‘సిగ్గుమాలి మాటిమాటికి’ అడుగుతాడు. అక్కడ ఆ మాట స్వయంగా యేసు అన్నదే. సిగ్గు విడిచి అడిగే చనువు ప్రార్థనలో ఉండవచ్చుననే కదా! పెద్దాయన మనసులో ఉన్నదీ ఆ చనువే కావచ్చు. చెప్పడానికి ‘విసుకక అడగాలి’ అంటే సరిపోయేది. రోమీయులకు రాసిన పత్రికలో ‘పట్టుదల’, కొలొస్సయులకు రాసిన దానిలో ‘నిలుకడ’ ఉన్నాయి. ప్రార్థన గురించే వాడిన మాటలివి, నిశ్చింతగా వాడుకోవచ్చు.

‘యెడతెగక’ థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలోది. తిరుపతి బస్టాండుకు బస్సులు ఎడతెగక వస్తుంటాయి అంటాం. ఒక బస్సు వెనుక మరొకటి అంటుకుని వస్తుందని ఎవరూ అనుకోరు, రాకపోకలు ఆగవని గ్రహిస్తారు. ప్రార్థనకూ ఆ అర్థమే వర్తిస్తుంది. వంట, ఉద్యోగం మానుకోమని ఆ మాటలో లేదు. పైగా మాటలు పెంచుకుంటూ పోతే మనవి వినబడుతుందని తలచవద్దని మత్తయి సువార్త 6వ అధ్యాయంలో హెచ్చరిక కూడా ఉంది. మొదట్లో యకారం చేర్చి ‘యెడతెగక’ అని రాయడం పాత ముద్రణల పద్ధతి. మీరు ‘ఎడతెగక’ అని రాస్తే చాలు.