మొదటి ట్రయాథ్లాన్‌కు ఎలా సిద్ధం కావాలి?

ప్రశ్న: నేను రెండేళ్లుగా 10 కిలోమీటర్ల పరుగు పందేల్లో పాల్గొంటున్నాను. నాలుగు నెలల్లో మొదలయ్యే సీజన్‌లో, ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే ట్రయాథ్లాన్‌కు దిగాలని ఉంది. కొలనులో ఈదగలను గానీ, సైకిల్ దిగి పరుగెత్తబోతే కాళ్లు బరువెక్కిపోతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: ఈ ఇబ్బంది కొత్తవారిలో చాలామందికి ఎదురయ్యేదే. నడుము వంచి కూర్చుని పెడళ్లు తిప్పడానికి అలవాటుపడిన కండరాలు, దిగిన మరుక్షణమే ఒంటి బరువును మోస్తూ పరుగు లయలోకి మారవలసి రావడం దీనికి ముఖ్య కారణం. అందువల్ల వారానికి ఒకసారి సైకిల్ సాధన ముగియగానే, విరామం లేకుండా, 10 నుంచి 15 నిమిషాలు చిన్న చిన్న అంగలతో నెమ్మదిగా పరుగెత్తండి.

1.5 కి.మీ. ఈత, 40 కి.మీ. సైకిల్, 10 కి.మీ. పరుగు ఉండే ఒలింపిక్ దూరానికి బదులు, మొదటి పోటీగా అందులో సగమైన స్ప్రింట్ దూరాన్ని ఎంచుకోవాలని నా గట్టి సలహా. పరుగు మీకు ఇష్టమైనది కనుక మనసు అటే లాగుతుంది. అయినా ఆ సమయంలో కొంత ఈతకు ఇవ్వండి. కొలను అడుగున ఉండే గీత దారి చూపుతుంది, చెరువులోనో సముద్రంలోనో అది ఉండదు కాబట్టి, కొన్ని బారలకోసారి తలెత్తి నీటిపై తేలే గుర్తును చూసుకోవడం ముందే అలవాటు కావాలి. అటువంటి నీటిలోకి ఒంటరిగా మాత్రం ఎన్నడూ దిగవద్దు.

పోటీకి ముందు వారం సాధన దూరాన్ని బాగా తగ్గించండి. ఆ రోజు తినే ఆహారం, వేసుకునే బూట్లు సాధనలో వాడి చూసినవే కావాలి.