అమెరికాలో లాగా బెంగళూరు మందుల షాపులో నలోక్సోన్ చీటీ లేకుండా దొరుకుతుందా?

దొరకదు, హెరాయిన్, మార్ఫిన్ వంటి ఓపియాయిడ్లు మోతాదు మించి ఊపిరి ఆగిపోతున్న మనిషిని బతికించే నలోక్సోన్ మన దేశంలో డాక్టరు చీటీపై ఇచ్చే మందే, అదీ ఎక్కువగా ఆసుపత్రుల్లో వాడే ఇంజెక్షన్ రూపంలో.

శ్వాస ఆగితే మెదడు కొద్ది నిమిషాలలోనే దెబ్బతింటుంది కనుక, మందు పక్కనున్నవారి చేతిలోనే ఉండాలన్నది అమెరికా చట్టాల ఉద్దేశం. 2001లో న్యూ మెక్సికోతో మొదలై అక్కడి రాష్ట్రాలు సామాన్యులు కూడా దీన్ని దగ్గర ఉంచుకునేందుకు, సదుద్దేశంతో వాడినవారిపై కేసులు పడకుండా ఉండేందుకు చట్టాలు మార్చుకున్నాయి. 2023 మార్చిలో 4 మిల్లీగ్రాముల ముక్కు స్ప్రేను చీటీ లేకుండా అమ్మడానికి అనుమతి వచ్చింది. అలవాటు చేయని ఇలాంటి మందుకు ఇక్కడా ఆ దారి తెరవడం న్యాయం.

ఉదాహరణకు, మారతహళ్ళిలోని ఒక పీజీ గదిలో హెరాయిన్ తీసుకున్న యువకుడు స్పృహ తప్పితే, అంబులెన్సు ట్రాఫిక్ దాటి వచ్చేలోగా స్నేహితుడి దగ్గర ఆ స్ప్రే ఉంటే ప్రాణం నిలబడవచ్చు; ప్రస్తుతానికి అతడు 108కి ఫోన్ చేసి, నోటితో శ్వాస అందిస్తూ ఉండవలసిందే.

ఈ మందు ఇచ్చాక ఆసుపత్రి అక్కర్లేదనుకోవడం చాలామంది పడే పొరపాటు. దీని ప్రభావం సుమారు 30 నుంచి 90 నిమిషాలే ఉంటుంది, ఒంట్లోని ఓపియాయిడ్ అంతకంటే ఎక్కువసేపు నిలిచి శ్వాసను మళ్ళీ ఆపవచ్చు. మద్యం, నిద్రమాత్రల మత్తుపై ఇది పనిచేయదు.